నీళ్ళకిచ్చిన ఎకరం

మాకున్నది నాలుగెకరాలు. అందులో మూడు మెరక, ఒకటి పల్లం. మెరకలో ఎర్రమట్టి, గులకరాళ్ళు, కాస్త లోతు తవ్వితే నాపరాయి. పల్లపు ఎకరం మాత్రం నల్లరేగడి. కాలవ నీళ్ళు మా పక్క ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగిపోతాయి కాబట్టి మా బతుకంతా బోరు మీదే. నేను కాపరానికొచ్చిన ఏడాది నుంచీ ఆ పల్లంలో మిరప తప్ప ఇంకోటి వెయ్యలేదు. చుట్టుపక్కల చేలల్లో చెట్లు ముడుచుకుపోయినా అక్కడ కాయ నిగనిగలాడేది. మెరకలో పోయిన మానాన్ని ఆ ఒక్క ఎకరం నిలబెట్టేది.

ఆ ఎకరాన్ని నీళ్ళకు వదిలేద్దామని మా ఆయన అన్నరోజు నేను అన్నం కంచం పక్కకు నెట్టి లేచిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆ తర్వాత నేను చేసినవి చూస్తే ఇది అసలు లెక్కలోకే రాదు.

నాకు నోటి దురుసు ఎక్కువ. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చెప్పీ చెప్పీ విసిగిపోయింది. మా ఆయనేమో మాట పొదుపరి. నేను పది మాటలంటే ఆయన ఒకటంటాడు, అదీ మర్నాడు. ఇద్దరం ఇన్నేళ్ళు కలిసి ఎట్లా సాగు చేశామో ఆ పైవాడికే తెలియాలి.

ముందు బోర్ల సంగతి చెప్పాలి. నీళ్ళు చూసే పెద్దమనిషి ఒకాయన వచ్చేవాడు. కొబ్బరికాయ అరచేతిలో అడ్డంగా పెట్టుకుని, చెప్పులు విడిచి, చేనంతా నడిచేవాడు. నీళ్ళున్న చోటికి రాగానే కాయ నిట్టనిలువుగా లేస్తుంది. మా చేలో అది ఐదుసార్లు లేచింది. ఐదుసార్లూ నేను దానికి బొట్టు పెట్టి దణ్ణం పెట్టాను. తర్వాత బోరు లారీ వచ్చేది. భూమి అదిరిపోతుంటే తెల్లటి రాతిపిండి పొగలాగా లేచి మా అందరి మొహాల మీద పడేది. పిండి చెమ్మగా వస్తే సంబరం. పొడిగా వస్తే ఎవరూ ఎవరి మొహమూ చూసుకోం. మా ఐదు బోర్లలో రెండు మొదటిరోజే పొడిపిండి కక్కాయి. రెండు కొన్నాళ్ళు నీళ్ళిచ్చి పోయాయి. మిగిలింది ఒక్కటి. దాని మీదే మిరప, దాని మీదే మేము.

ఆ మిగిలిన బోరును బతికిస్తూ వచ్చింది గురజాల నుంచి వచ్చే మోటారు మెకానిక్. అందరూ భాయ్ అంటారు, మేమూ అదే పిలుపు. నన్ను అక్కా అంటాడు. ప్రతి ఎండాకాలం ఆయన వచ్చి మోటారు పైకి లాగడం, ఇంకో పైపు కలపడం, ఇంకాస్త లోతుకు దించడం మాకు పండగ వచ్చినంత ఖాయం. ఒక ఏడు అట్లాగే పైపు కలిపి, చేతులు కడుక్కుని, నేనిచ్చిన మజ్జిగ తాగి, వెళ్ళకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"అక్కా, పైపులు దించటమే నాకొచ్చు. నీళ్ళు దించటం రాదు. అది మీరే చెయ్యాల" అన్నాడు.

తర్వాత మా ఆయనకు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. మెరక మీద పడ్డ వాన నాపరాళ్ళ మీంచి జారి గంటలో వాగులో కలుస్తోందట. మా నేలకు ఒక్క గుక్క కూడా దక్కడం లేదట. చుట్టూ ఉన్న నీళ్ళన్నీ వచ్చి చేరేది పల్లపు ఎకరంలోకే కాబట్టి అక్కడ కుంట తవ్వి, నీళ్ళు నిలబెట్టి, వాటి జోలికి పోకుండా వదిలేస్తే నెమ్మదిగా లోపలికి దిగుతాయట. మిరప తగ్గించి మెరకలో కంది, జొన్న వేసుకోమన్నాడు. లేకపోతే రెండు మూడు ఎండాకాలాల తర్వాత తన దగ్గరున్న ఏ పైపూ మా నీళ్ళను అందుకోలేదన్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ మనిషికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఎండిపోయే బోర్ల మీదే ఆయన బతుకుతెరువు. నా అవసరం మీకు లేకుండా చేసుకోండని మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. ఆ రోజు మాత్రం, నా మజ్జిగ తాగి నా ఎకరం మీదే కన్నేశాడని తిట్టుకున్నాను.

మా ఆయన మూడు రోజులు ఆలోచించి, నాలుగోరోజు అన్నం దగ్గర ఆ మాటన్నాడు. నేను కంచం నెట్టింది అప్పుడే. పండే చేను గొయ్యి చేసుకునేవాళ్ళు ఈ పల్నాడులో ఎవరన్నా ఉంటే చూపించమన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని చేలోకి వెళ్ళిపోయాడు. నెల రోజులు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను గెలిచాననుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే చెప్పకుండా వెళ్ళి సాయంత్రం బస్సు దిగొచ్చాడు. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు చూస్తే తెల్లగా దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. మా చేలో తిరిగితే ఎర్రమట్టో నల్లమట్టో అంటాలి. అది సిమెంటు దుమ్ము.

"ఏమయ్యా, యాడికి బోయొచ్చావ్?" అన్నాను.

"దాచేపల్లి. ఫ్యాక్టరీ గేటు కాడ కాపలాకి మనిషి కావాలంట. బోరు పోయినాక ఎట్టాగూ పోవాల గదా, ముందే అడిగొచ్చా" అన్నాడు.

అడిగిన వెంటనే జవాబు చెప్పడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. అందుకే భయం వేసింది. ఆ మనిషి సంగతి నాకు తెలుసు. కోడి కూయకముందే లేచి, పనున్నా లేకపోయినా చేలోకి పోతాడు. చుట్టాలింట్లో పెళ్ళికి తీసుకెళ్తే రెండోరోజుకే పురుగు కుట్టినట్టు తిరుగుతాడు. పార తప్ప ఇంకోటి ఎరగని చెయ్యి అది. అట్లాంటివాడు ఖాకీ బట్టలేసుకుని, నోట్లో విజిల్ పెట్టుకుని, లారీలకు గేటెత్తుతూ నిలబడి ఉండటం నా కళ్ళ ముందు కదిలింది. నా ఎకరం పోయినా ఫరవాలేదు, ఈ మనిషి అట్లా నిలబడకూడదనుకున్నాను. మర్నాడు పొద్దున నేనే తాడు తెచ్చి, పల్లపు చేలో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తవ్వాలో కొలవమన్నాను. ఆయన నా మొహంలోకి చూసి తాడు అందుకున్నాడు.

ఉపాధి పని కింద కుంట మంజూరయింది. ఊళ్ళో ఆడవాళ్ళూ మగవాళ్ళూ పారలు, గంపలు పట్టుకుని దిగారు. నడుం లోతు తవ్వేసరికి మట్టి బంకగా, నల్లగా మారింది. అందులో తెల్లటి నత్తగుల్లలు గుప్పెళ్ళకొద్దీ వచ్చాయి. చేలోకి నత్తలెందుకొచ్చాయా అని అందరం వింతగా చూస్తుంటే, మట్టి మోస్తున్న ఒక ముసలమ్మ గంప దించి నవ్వింది.

"ఇది కుంటే గదే. నా చిన్నప్పుడు గొడ్లను ఈడనే కడిగేవోళ్ళం" అంది.

అప్పుడు మా ఆయనకు గుర్తొచ్చింది. ఆయన చిన్నతనంలో మా మావగారు ఆ కుంట గట్టు తెంచి, నీళ్ళు వాగులోకి వదిలేసి, గట్టు మట్టినే లోపలికి సర్ది చేను చేశాడట. ఇన్నేళ్ళూ మా మిరప నిగనిగలాడింది ఆ కుంట దాచిపెట్టిన ఒండ్రులోనేనన్నమాట. బంగారంలాంటి ఎకరం సంపాదించానని మా మావగారు పోయేదాకా చెప్పుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. అప్పుడు ఏ బావిలోకి తొంగిచూసినా మొహం కనపడేది. నీళ్ళు అయిపోతాయని ఎవరికీ ఆలోచన లేదు.

అర ఎకరం కుంటకు పోయింది. దాని చుట్టూ మిగిలిన అర ఎకరంలో గడ్డి వదిలి సీతాఫలం, నేరేడు, వేప మొక్కలు పెట్టాం. మెరకలో కంది, జొన్న, ఆముదం. మిరప లేకపోతే నాకు ఊపిరాడదని పట్టుబట్టి, మెరక మీదే డ్రిప్పు కింద ఒక అర ఎకరం ఉంచుకున్నాను.

నేను చేసిన పని ఇక్కడ చెప్పక తప్పదు.

ఆ శ్రావణంలో రెండు పెద్ద వానలకు కుంట నిండింది. మా చేలో అన్ని నీళ్ళు నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూసొచ్చేదాన్ని. తర్వాత వాన మొహం చాటేసింది. మూడు వారాలయ్యేసరికి మిరప తలలు వేలేసింది. బోరు నీళ్ళు డ్రిప్పుకు చాలీచాలకుండా వస్తున్నాయి. సరిగ్గా అప్పుడే మా ఆడబిడ్డకు కంటి ఆపరేషనని మా ఆయన నరసరావుపేట ఆసుపత్రికి వెళ్ళి రెండు రోజులు ఉండాల్సి వచ్చింది.

నిలబడ్డ నీళ్ళు చూసి ఇంజను పెట్టకుండా ఉండటం మా వాళ్ళకు చేతకాని పని. కొట్టంలో పాత ఆయిల్ ఇంజను ఉంది. పక్కింటి వాళ్ళను సాయం పట్టమని కుంట గట్టు మీద పెట్టించి, రెండు రోజులు ఆపకుండా తోడాను. మిరపకు పెట్టాను. మిరపకు పెట్టాక ఇంకా ఉన్నాయి కదా అని, అడగని కందికీ పెట్టాను. అడ్డుచెప్పిన వాళ్ళకు, మనవే కదా నీళ్ళు, దాచుకుని ఏం చేసుకుంటామని సమాధానం కూడా చెప్పాను. రెండోరోజు సాయంత్రానికి కుంటలో బురద, ఆ బురదలో కప్పలు, వాటి కోసం దిగిన కొంగలు మిగిలాయి.

మా ఆయన బస్సు దిగి నేరుగా చేలోకి వచ్చాడు. గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. ఆయన ఏమన్నా తిరిగి అనడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆయన ఇంజను వైపు ఒకసారి చూసి ఇంటికి నడిచాడు. మర్నాడు పొద్దున ఎడ్లకు మేత వేస్తూ, నా వైపు తిరగకుండా, "నేల తాగకముందే మనం తాగామే" అన్నాడు.

మాఘమాసానికే బోరు దగ్గడం మొదలుపెట్టింది. భాయ్ వచ్చి ఇంకో పైపు కలుపుతూ ఎండిన కుంట వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. ఏమైందని అడిగితేనే బాగుండేది.

మళ్ళీ ఏరువాక రాకముందే ఇంజను అమ్మేయమన్నాను. ఎప్పుడన్నా అవసరం పడుతుందని మా ఆయన ఒప్పుకోలేదు. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు. బాగా ఆలోచించి, చేలో ఒక చదునైన నాపరాయి ఏరి, ఇంజను పెట్టే చోటే గట్టు మీద పాతించాను. దానికి పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, మీద వేపమండ పెట్టాను. పసుపు రాసిన రాయిని తొలగించి ఇంజను పెట్టే ధైర్యం మా ఊళ్ళో ఎవరికీ లేదు. ముందు నాకు లేదు.

వారం తిరక్కుండానే కలుపుకు పోయే ఆడవాళ్ళు అక్కడ ఆగి దణ్ణం పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఏ అమ్మవారని ఎవరో అడిగితే కుంటమ్మ అన్నాను నోటికొచ్చినట్టు. ఎవరో గాజులు పెట్టిపోయారు. ఇంకెవరో కొబ్బరికాయ కొట్టి నాకు ఒక చిప్ప ఇచ్చారు. అది కొరుక్కుంటుంటే మా చేలో ఐదుసార్లు లేచి నిలబడ్డ కాయలు గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. మా ఆయన కూడా నవ్వాడు. ఆ కుంట పుట్టాక మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలు.

ఆ ఏడాది కుంట నిండింది. ఎవరూ ముట్టుకోలేదు. నీళ్ళ మధ్య కర్ర పాతి గుర్తులు పెట్టాడు మా ఆయన. రోజూ సాయంత్రం చెప్పులు పక్కన విడిచి గట్టు మీద కూర్చుని, ఎంత దిగిందో చూసేవాడు. నీళ్ళు ఇంకడం చూడటం కూడా ఒక పనేనా అని దెప్పేదాన్ని. దీపావళి దాటేసరికి కుంట పూర్తిగా ఇంకింది. అంత నీళ్ళు లోపలికి పోయాయి, ఇక మా బోరుకు ఢోకా లేదని ధైర్యంగా పడుకున్నాం.

చైత్రం వచ్చింది. బోరులో నీళ్ళు పెరగలేదు సరికదా, మోటారు వేస్తే గాలి కక్కింది. మిరప ఎట్లాగూ అయిపోయింది, అప్పటికి చేలో ఉన్నది మొక్కలు, గొడ్ల మేత మాత్రమే. వాటికీ నీళ్ళు లేవు. ఒకరోజు మా ఆయన ఫోను పట్టుకుని, ఫ్యాక్టరీ మనిషి నంబరు ఎవరినో అడుగుతూ కనిపించాడు.

ఆ వారంలోనే తెలిసింది. మా కింద చేలో ఉన్న పాత బావిలో నీళ్ళొచ్చాయని. ఆ చేను మా ఆయనకు వరసకు బాబాయి అయ్యే ఆయనది. నాకు మావయ్య. గట్టు దగ్గర తగాదా వచ్చి ఎనిమిదేళ్ళుగా మాకూ వాళ్ళకూ మాటల్లేవు. ఆ తగాదా మొదలుపెట్టింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. అది ఎండిపోతే ముళ్ళకంప కప్పేసి అందరూ మర్చిపోయిన బావి. దూరం నుంచి చూస్తే కంప తీసేసి ఉంది. వాళ్ళ గేదెలు తొట్టి దగ్గర తలలు వంచి తాగుతున్నాయి.

చీమలు పెట్టిన పుట్ట పాములపాలైనట్టు, ఎకరం నాది, నీళ్ళు ఆయనవా? నాపరాయి పలకల వాలు అటే ఉందనీ, లోపల నీళ్ళు వాలు చూసుకుని పోతాయనీ తర్వాత భాయ్ చెప్పాడు. ఆ పొద్దున నాకు వాలూ లేదు, వరసా లేదు. చీర కొంగు బొడ్లో దోపి బయల్దేరాను. ఎనిమిదేళ్ళ పాతవీ, ఆ రోజు కొత్తవీ, అన్ని మాటలూ దారి పొడుగునా నోట్లో సర్దుకున్నాను.

గట్టు దగ్గరికి వచ్చేసరికి మావయ్య అక్కడే ఉన్నాడు. నల్ల పైపు చుట్ట భుజాన వేసుకుని, బావి దగ్గర నుంచి పరుచుకుంటూ మా గట్టు దాకా వచ్చి, చివర మా చేలోకి వేసి నడుం పట్టుకుని లేస్తున్నాడు. నన్ను చూశాడు. నా కొంగూ చూశాడు.

"అమ్మాయ్, నీళ్ళు మీయే. నా బాయిలోకొచ్చి పడుకున్నయ్యి. తీసకపోండి" అన్నాడు.

సర్దుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "మజ్జిగ తాగుతావా మావయ్యా?" అన్నాను. ఆయన తాగుతానన్నాడు. ఇంటికొచ్చి కవ్వం పట్టుకుని పెరుగు కుండ ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన ఆ పైపు వెయ్యకపోతే మాకు చుక్క దక్కేది కాదు. అడుగుదామన్నా మొహం లేదు. ఎనిమిదేళ్ళు తిట్టిన నోటికి ఆయన నీళ్ళు తెచ్చి పోశాడు.

ఆ ఎండాకాలమంతా ఒకరోజు వాళ్ళు, ఒకరోజు మేము తోడుకున్నాం. మొక్కలు బతికాయి. గొడ్లు బతికాయి. మా ఆయన ఫ్యాక్టరీ నంబరు సంగతి ఎత్తలేదు. తర్వాతి ఏడు మావయ్య కూడా తన చేలో పల్లపు వైపు ఒక పట్టె వదిలి కందకం తవ్వించాడు. మిగతా ఊరు ఇంకా మమ్మల్ని వింతగానే చూస్తోంది. బోరు లారీ మోత ఎక్కడో ఒక చోట వినపడుతూనే ఉంది. వినపడ్డప్పుడల్లా నా మొహాన రాతిపిండి పడ్డట్టే ఉంటుంది.

పోయిన ఎండాకాలం భాయ్ ఎప్పట్లా వచ్చి మోటారు పైకి లాగాడు. తాడు వదిలి నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత ఒక పైపు విప్పి పక్కన పెట్టి, మిగతావి దించాడు. కలపడమే గానీ విప్పడం ఇన్నేళ్ళలో మేం చూడలేదు. ఇట్టా అయితే నా పిల్లలకు అన్నం ఎట్టక్కా అని నవ్వాడు. ఆ పైపును పెరట్లో పాతి బీరతీగ ఎక్కించాను. మొదటి కాపు కాయలు గురజాల పంపాను.

ఈసారి శివరాత్రికి కోటప్పకొండకు మావయ్య వాళ్ళ ట్రాక్టర్లోనే అందరం కలిసి వెళ్ళాం. ఏటా ఆ స్వామి ముందు నిలబడి బోరులో నీళ్ళు ఇమ్మని అడిగేదాన్ని. ఈసారి నా వంతు వచ్చేసరికి అడగడానికేమీ తోచలేదు. చల్లగా ఉన్నాం స్వామీ అని చెప్పి పక్కకు జరిగాను.

మొన్న రెండో వాన పడి కుంట నిండిన సాయంత్రం, మా ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను పసుపు రాయి కడిగి బొట్లు పెడుతున్నాను. ఆయన ఫోను మోగింది. అవతల ఫ్యాక్టరీ మనిషి. గేటు దగ్గర చోటు ఖాళీ అయిందట, ఇంకా వచ్చే ఉద్దేశం ఉందా అని. మా ఆయన ఒక్క నిమిషం విని, ఎప్పట్లాగే మాట పొదుపు చేసుకుని, ఫోను నా చేతికిచ్చాడు.

పక్కన విడిచిన ఆయన చెప్పులు చూశాను. వాటికి నల్లటి బురద అంటుకుని ఉంది.

"ఆయన రాడన్నా. ఇక్కడే కాపలా పని దొరికింది" అన్నాను.

ఎవరి దగ్గర అని అడిగాడు.

"నీళ్ళ కాడ" అన్నాను.